పాళెము వెలుపల

(లేవీ. 13:45, 46, 14:3, మార్కు 1:40–45)

ప్రియులారా, లేవీయకాండము పదమూడవ అధ్యాయము మన ఆరాధనలలో చదువబడుట అరుదు. కుష్ఠరోగి తన పై పెదవి కప్పుకొని పాళెము వెలుపల ఒంటరిగా నుండవలెనని అందులో ఉన్నది. రోగిని వెలివేయుమని దేవుడే సెలవిచ్చెను గదా అని కొందరందురు. అట్టివారు పుట త్రిప్పి తరువాతి అధ్యాయము చూడరు. అక్కడ యాజకుడే పాళెము వెలుపలికి నడచి వెళ్లి రోగిని చూడవలెను. బాగుపడినయెడల లోపలికి చేర్చుకొనవలెను. అనుమానమున్న చోట ఏడు దినములు కడగా నుంచి మరల చూడవలెను. అది జాగ్రత్తను గూర్చిన ధర్మము గాని అసహ్యమును గూర్చినది కాదు.

మన ప్రభువు ఇంకను ముందుకు వెళ్లెను. మార్కు వ్రాసిన క్రమము గమనించుడి. మొదట చెయ్యి చాపి ముట్టెను. రోగము పోయినది ఆ పిమ్మటనే. తరువాత ఆ మనుష్యుడు ఊరిలోనికి వెళ్లెను, ప్రభువో ఊరిలోనికి రాలేక వెలుపల అరణ్యస్థలములలో నుండెను. ఇద్దరి చోట్లు మారెను.

మన నిజామాబాదు జిల్లాలో దీనికి సాక్ష్యమున్నది. మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసాని 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆసుపత్రి నెలకొల్పెను. ఆ పనికి గొప్ప సహాయము చేసిన రాజా నర్సాగౌడు గారు క్రైస్తవులు కారు. ఇది మనము మరువరాదు. ఇంటివారు విడిచిన వారికి ఆమె చాల్‌మూగ్ర నూనె సూదులు వేయుచు, 1932లో కన్నుమూయువరకు ఆ పనిలోనే యుండెను. నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమగును.

అయితే పాళెము వెలుపలి చోటు ఖాళీగా లేదు. అక్కడ ఇప్పుడు హెచ్.ఐ.వి. సోకినవారు నిలిచియున్నారు. బోధను చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడక మునుపును, మూతబడిన పిమ్మటను, మన ఊళ్ల మగవారు పనికై బొంబాయికి, గల్ఫ్ దేశములకు వెళ్లుచునే యున్నారు. ఒకడు రోగముతో తిరిగి వచ్చును. గడప దాటని భార్యకు అది అంటును. అతడు చనిపోయిన పిమ్మట అత్తవారు ఆమెకు వేరు గ్లాసు, వేరు కంచము పెట్టుదురు. ఎవరి పాపమని శిష్యులు అడిగినట్లు (యోహాను 9:2) సంఘమును అడుగును.

ఈ వైరసు దేహసంపర్కము వలనను, రోగి రక్తము వలనను, వాడిన సూదుల వలనను, తల్లి గర్భములోను ప్రసవములోను చనుపాలలోను బిడ్డకును అంటును. కలిసి భుజించుట వలన, చెయ్యి పట్టుకొనుట వలన, దోమకాటు వలన అంటదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనము ఎడముగా నిలిచితిమి. అది శ్వాస ద్వారా అంటు జబ్బు గనుక అది తగినదే. ఒక జబ్బుకు తగిన ఎడము మరియొక జబ్బుకు చూపినయెడల అది జాగ్రత్త కాదు, వెలి.

కాబట్టి యౌవనస్థులారా, నమ్మకముగా నుండుడి. ఎక్కడనైన తప్పటడుగు పడియుండినయెడల దాచక పరీక్ష చేయించుకొనుడి. పెండ్లికి ముందు ఇరుపక్షములును చేయించుకొనుట మంచిది, సిగ్గు కాదు. గర్భిణీ స్త్రీలు తప్పక చేయించుకొనవలెను. మందులు వాడినయెడల బిడ్డ చాలమట్టుకు తప్పించుకొనును. 2004 మొదలు ప్రభుత్వము మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. ప్రతిదినము మ్రింగి, రక్తములో వైరసు కనబడనంతగా తగ్గి, అట్లే నిలిచినయెడల దంపతుల మధ్య సహితము అది అంటదు. 1097 నంబరుకు ఫోను చేసినవారికి ఉచితముగా సలహా చెప్పుదురు. ఒకరి రోగమును వారి సమ్మతి లేక బయటపెట్టుట 2017 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. సంఘపెద్దలు దీనిని ప్రత్యేకముగా చదువవలెను.

ఒకే గిన్నెతో ప్రభురాత్రి భోజనము జరుగు చోట్ల గుసగుసలున్నవని విన్నాము. ఆ గిన్నె వలన ఈ రోగము అంటదు. దగ్గు, జలుబు ఉన్నవారు ఆ వారము గిన్నె ముట్టకుండుట మేలు. వారిని గూర్చి మాత్రము ఎవరును గుసగుసలాడరు! అందరును త్రాగిన పిమ్మట మిగిలినది బోధకుడే త్రాగవలెను. ఇన్నేండ్లుగా మేము త్రాగుచునే యున్నాము, వచ్చే ఆదివారమును త్రాగుదుము.