పద్దులలోని పూర్వికుడు

తన వంశమునకు మొదటివాడు ఎవరని అడగని మనిషి అరుదు. సంకల్పం చెప్పుకొనేవాడు గోత్రాన్ని తలచుకొంటాడు. హరిద్వారం చేరిన యాత్రికుని ముందు పండా తన పొడుగాటి బహీని విప్పి, ఏనాడో అదే ఘట్టానికి వచ్చిన ముత్తాత పేరు చదివి వినిపిస్తాడు. ఆ క్షణంలో యాత్రికుని కంటిలో మెరిసే వెలుగు ఒక్క దేశానికి చెందినది కాదు. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో కూర్చొని, ఎన్నో తరాల క్రిందట ఓడ దిగిన జర్మను రైతు పేరును పాత జాబితాలో పట్టుకొన్న వారసుని కంటిలోను అదే వెలుగు కనిపిస్తుంది. అయితే దొరికినది ఏమిటి? అది ఆస్తియా, గౌరవమా, లేక ఋణమా? పూర్వికుని వెదకుట కేవలం కుతూహలం కాక నీతికి సంబంధించిన పని అగుట ఈ ప్రశ్న దగ్గరనే.

అమెరికాకు జర్మనుల వలస దీర్ఘమైన చరిత్ర కలది. 1683లో క్రెఫెల్డు పట్టణం నుంచి పదమూడు కుటుంబాలు కాంకార్డ్ అనే ఓడలో ఫిలడెల్ఫియా చేరి, ఆ నగరం చెంతనే జర్మన్‌టౌన్ అనే ఊరు కట్టుకొన్నవి. 1709లో, ఘోరమైన చలికాలం ద్రాక్షతోటలను మాడ్చివేసిన పిమ్మట, అంతకుముందే యుద్ధాలతో చితికిపోయిన రైన్ నదీతీరపు పలాటినేట్ ప్రాంతం నుంచి వేలాదిమంది లండను దారి పట్టినారు. తరువాతి శతాబ్దంలో ఈ ఏరు వరద అయినది. 1820కిని మొదటి ప్రపంచయుద్ధానికిని నడుమ యాభై లక్షలకు పైగా జర్మనులు అమెరికా తీరం చేరినారు.

వీరిలో ఒకని వెదకదలచినవాడు కాలానికి ఎదురు నడవవలెను. 1850 నాటి జనాభా లెక్కలలో మొదటిసారిగా ప్రతి స్వతంత్ర వ్యక్తి పేరు, వయస్సు, పుట్టిన దేశం వ్రాసినారు. అంతకు పూర్వపు లెక్కలలో ఇంటి యజమాని పేరు తప్ప మరొకటి లేదు. అక్కడినుంచి వెనుకకు పోతే వీలునామాలు, భూముల క్రయపత్రాలు, పన్నుల చిట్టాలు దొరుకుతవి. ఇంకా వెనుకకు పోతే, 1727 నుంచి పెన్సిల్వేనియా ప్రభుత్వం వ్రాయించిన రాజభక్తి ప్రమాణాల జాబితాలు. ఓడ దిగిన జర్మను పురుషులు, పదునారేండ్లు నిండినవారు, ఇంగ్లండు రాజుకు విధేయులమని ప్రమాణం చేసి చేవ్రాలు చేయవలసి ఉండెను. వ్రాత వచ్చినవాడు తన లిపిలో తన పేరు వ్రాసినాడు. రానివాడు ఒక గుర్తు పెట్టినాడు. అతని పేరును ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినిపించిన విధంగా ప్రక్కన వ్రాసినాడు. ఆ వంకర అక్షరక్రమం నుంచి అసలు పేరును ఊహించి, సముద్రం దాటి, ఒక పల్లె చర్చిలోని బాప్తిస్మపు పుస్తకంలో ఆ పేరును వెదకి పట్టవలెను.

ఆ పుస్తకం చేతికి వచ్చినా చిక్కులు తీరవు. అన్నదమ్ములు అందరికి యోహాన్ అనే మొదటి పేరు పెట్టి, రెండవ పేరుతో పిలుచుకొనుట అక్కడి ఆచారం. చనిపోయిన శిశువు పేరే తరువాత పుట్టిన బిడ్డకు పెట్టుట కూడ కద్దు. తేదీలు సైతం నమ్మరానివి. జర్మనీలోని ప్రొటెస్టంటు రాజ్యాలు 1700లోనే కొత్త పంచాంగాన్ని స్వీకరించగా, ఇంగ్లండు, దాని వలసరాజ్యాలు 1752 వరకు పాత పంచాంగాన్నే పట్టుకొని ఉండినవి. కనుక 1740 ప్రాంతాల ఓడ ఎక్కిన రైతు, ఫిలడెల్ఫియాలో దిగి తేదీ అడిగితే, తన ఊరి లెక్కకంటె పదకొండు రోజులు వెనుకబడి ఉన్నట్లు తెలుసుకొనును.

పోయినవి ఎన్నో కలవు. ముప్పది ఏండ్ల యుద్ధంలో, 1618కి 1648కి నడుమ, అనేక పల్లెల చర్చి పుస్తకాలు ఊళ్ళతోపాటు కాలిపోయినవి. 1897లో న్యూయార్కు రేవులోని ఎల్లిస్ ద్వీపం మీద కార్యాలయం తగులబడి, 1855 నుంచి దాచిన వలస దస్తరాలు భస్మమైనవి. ఇంత నష్టం జరిగినను, మిగిలినది చాలు ఎందరికో ఒక పేరు, ఒక ఊరు దొరకుటకు.

కాని మిగిలిన ఈ కాగితాలను ఎవరు వ్రాసినారు, ఎందుకు వ్రాసినారు? ఏ ఒక్కటి కూడ మనుమల కొరకు వ్రాసినది కాదు. చర్చికి తన మందలో ఎవరున్నారో తెలియవలెను. ప్రభువుకు తన రైతు పరదేశం పోవుటకు విడుదల రుసుము చెల్లించినాడో, రాత్రికి రాత్రి పారిపోయినాడో తెలియవలెను. రాజుకు విధేయత కావలెను. ఓడ కప్తానుకు ఛార్జీ కావలెను. ఛార్జీ ఇచ్చుకొనలేనివారు ఓడ మీదనే నిలిచి ఉండగా, యజమానులు వచ్చి కొన్ని ఏండ్ల చాకిరికి వారిని కొనుక్కొని పోయేవారు. 1750లో ఆ ప్రయాణం చేసి స్వదేశం తిరిగిపోయిన గాట్లీబ్ మిట్టెల్‌బెర్గర్, 1756లో అచ్చువేసిన పుస్తకంలో, తల్లిదండ్రులు ఓడ బాకీ తీర్చుటకు బిడ్డలను చాకిరికి అప్పగించిన సంగతి వ్రాసినాడు. సగం దూరం దాటిన తరువాత చనిపోయినవాని ఛార్జీని కూడ బ్రతికి ఉన్న భార్యయో, భర్తయో తీర్చవలసి వచ్చెనని వ్రాసినాడు. పూర్వికుడు చరిత్రలో కనిపించునది ఇట్లు ఎవరికో బాకీపడినప్పుడే. అతడు నవ్వినది, పాడినది, పొలం గట్టున కూర్చొని ఊరు విడిచిపోదామా అని భార్యతో ఆలోచించినది ఏ పద్దులోను లేదు. దొరికినది మనిషి కాదు, మనిషి అధికారానికి తగిలిన చోట మిగిలిన గుర్తు. ఈ తేడా మరువని వినయం వెదకేవానికి మొదటి ధర్మం.

రెండవ ధర్మం పేరును గూర్చినది. ఎల్లిస్ ద్వీపంలోని ఉద్యోగులు వలసవచ్చినవారి పేర్లు మార్చివేసినారని లోకంలో ఒక కథ ఉన్నది. నిజానికి ఆ ఉద్యోగులు, ఓడ ఎక్కిన రేవులోనే తయారైన జాబితాను ముందు పెట్టుకొని ప్రశ్నలు అడిగినారే కాని కొత్త పేర్లు పెట్టలేదు. మ్యూలర్ మిల్లర్ అయినది, ష్మిట్ స్మిత్ అయినది, చాలవరకు తరువాతనే: ఇరుగుపొరుగువారి నోటిలో, బడిలో, పని ఇచ్చినవాని పుస్తకంలో, పెక్కుసార్లు తమంత తామే. 1917లో అమెరికా జర్మనీమీద యుద్ధానికి దిగినప్పుడు జర్మను మాట పలుకుటయే నేరమన్నట్టి వాతావరణం ఏర్పడగా, ఎన్నో కుటుంబాలు భయంతో పేరు మార్చుకొన్నవి. అట్టివాని మనుమడు ఈనాడు ఆ పాత పేరును తవ్వి తీసి గర్వంతో గోడకు తగిలించుకొంటాడు. బిడ్డల క్షేమం కొరకు తాత దాచిపెట్టిన దానిని బయటపెట్టే హక్కు మనుమనికి ఉన్నదా? ఉన్నదనే చెప్పవలెను, ఆ భయాన్ని కూడ పేరుతోపాటు స్వీకరించినప్పుడు. పేరు మాత్రం తీసికొని, అది దాగుటకు కారణమైన భయాన్ని మరచినవాడు తాతను సగమే కనుగొన్నాడు. ఈనాటి వలసవాని పలుకును చూచి అతడే ముఖం చిట్లించుకొంటే ఆ సగం కూడ వ్యర్థం.

మూడవది, ఎవరిని వెదకుటలేదన్న విషయం. ఏడు తరాలు వెనుకకు పోతే ప్రతి మనిషికి నూట ఇరువది ఎనిమిది మంది పూర్వికుల స్థానాలు ఉన్నవి. వారిలో ఇంటిపేరు మోసి తెచ్చినవాడు ఒక్కడు. ప్రమాణాల జాబితాలో పురుషులే చేవ్రాలు చేసినారు. అదే ఓడలో బిడ్డను చంకన పెట్టుకొని వచ్చిన తల్లి పేరు ఆ కాగితం మీద లేదు. ఒక్కని పేరు మోస్తూ నూట ఇరువది ఏడుగురిని మరచిపోవుట వంశభక్తి అనిపించుకొనదు.

అంతకంటె లోతైన మౌనం ఒకటి ఉన్నది. జర్మను రైతు కుటుంబంలో పసిబిడ్డ పేరు సైతం వ్రాసిన ఆ 1850 జనాభా లెక్కలలోనే, బానిసల కొరకు వేరొక పట్టిక పెట్టినారు. దానిలో యజమాని పేరు ఉన్నది. అతని క్రింద బానిసల వయస్సు, స్త్రీయో పురుషుడో, శరీరపు రంగు మాత్రం ఉన్నవి. వారి పేర్లు దాదాపు ఎక్కడా లేవు. విముక్తి పొందిన వారందరు మొదటిసారి పేర్లతో లెక్కకు ఎక్కినది 1870లో. అనగా ఒక వారసుడు మెట్లు దిగివచ్చినట్లు తరతరాలు దిగి తన పూర్వికుని పల్లె చేరగలుగుచుండగా, మరొక వారసుడు 1870 దగ్గర ఒక గోడకు తల కొట్టుకొని నిలిచిపోవుచున్నాడు. పూర్వికుని పేరు తెలియుట కూడ ఒక భాగ్యమే. ఆ భాగ్యం అందరికి పంచినది కాదు.

ఈ సందర్భంలో జర్మన్‌టౌన్‌కు మరల పోవలెను. 1688లో ఆ ఊరివారు నలుగురు, ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్ వారిలో ఒకడు, మనుష్యులను కొనుట, అమ్ముట అధర్మమని తమ క్వేకరు సభకు విన్నపం వ్రాసినారు. తమకు ఇతరులు చేయరాదనుకొన్నది తాము ఇతరులకు చేయరాదు అన్నది వారి వాదం. సభ దానిని భారమైన విషయమని పై సభకు పంపినది. పై సభ ఇంకా పైకి పంపినది. చివరకు అది దస్తరాలలో అణగి, 1844లో కాని మరల వెలుగు చూడలేదు. ఫిలడెల్ఫియా క్వేకర్లు తమ సభ్యులు బానిసలను ఉంచుకొనరాదని కట్టడి చేసినది 1776లో. ఆ నలుగురి సంతతివాడు వారిని తలచి గర్వించవచ్చును. కాని వర్జీనియా, మేరీలాండు ప్రాంతాలలో బానిసలను ఉంచుకొన్న జర్మను వలసదారులకు కూడ సంతతి ఉన్నది. మంచి తాత పుణ్యం తనదని చెప్పుకొనేవాడు, మరొక తాత పాపాన్ని తనది కాదని త్రోసివేయుట ఏ ధర్మశాస్త్రానికి నిలుస్తుంది? రెండును అతడు చేసినవి కావు. రెండింటి ఫలమును అతడు అనుభవించుచున్నాడు.

వంశాన్ని ఋణంగా కాక అర్హతగా ఎంచిన నాడు ఏమి జరిగినదో లోకం చూచినది. 1933 ఏప్రిల్‌లో జర్మనీలో హిట్లరు ప్రభుత్వం ఉద్యోగులను గూర్చిన శాసనం చేసి, యూదుల తల్లిదండ్రులో అవ్వతాతలో ఉన్నవారిని కొలువులనుంచి తొలగించసాగినది. 1935 నాటి న్యూరెంబర్గు శాసనాలు పౌరసత్వాన్నే తాతల లెక్కమీద నిలిపినవి. జర్మను పౌరులు లక్షలాదిగా చర్చి వాకిళ్ళలో నిలిచి, తాత అవ్వల బాప్తిస్మపు నకళ్ళు సంపాదించి, పూర్వికుల చిట్టాపుస్తకాలు నింపుకొన్నారు. అవే పుస్తకాలు, అవే పల్లెలు, అవే పాదిరుల చేవ్రాళ్ళు. అమెరికాలోని వారసుడు ఆనందబాష్పాలతో తడిమే పుటను తడిమి ఒక గుమాస్తా ఒక పొరుగువానిని మృత్యువు జాబితాకు ఎక్కించినాడు. పుటలో మార్పు లేదు. మారినది దానిని అడిగిన ప్రశ్న. "నేను ఎవనికంటె గొప్పవాడను?" అని అడిగినవానికి ఆ పుట ఆయుధం అయినది. "నేను ఎవరెవరికి ఋణపడితిని?" అని అడిగేవానికి అదియే తీర్థం అగును.

మనిషి పుట్టుకతోనే ఋణస్థుడని ఈ దేశపు పెద్దలు చెప్పిన మాట ఇక్కడ జ్ఞాపకం చేసికొనదగినది. పితృఋణం గొప్పలు చెప్పుకొన్నందువలన తీరునది కాదు. తర్పణం వదిలేవాడు తన తండ్రికి, తాతకు, ముత్తాతకు పేరుపేరున నీళ్ళు వదలి అంతటితో లేచిపోడు. సంతతి లేనివారికి, పేరు చెప్పి నీళ్ళు వదిలే దిక్కు లేనివారికి కూడ చివర కొంత జలం విడుస్తాడు. ఓడ జాబితాలో పేరు కెక్కని తల్లి, దారిలో సముద్రంపాలైన శిశువు, యజమాని పేరు క్రింద వయస్సుగా మాత్రమే మిగిలిన బానిస, వీరందరు ఆ చివరి దోసిలికి హక్కుదారులు. తన పూర్వికుని పేరు వెదకి కనుగొన్నవాడు ఆ దోసిలి కూడ విడిచిననాడే వెదకుట ముగిసినదని చెప్పవచ్చును.