పీపా రుచి ఎవరిది?

రెడ్ వైన్‌లో కొబ్బరి, వెనీలా, లవంగం వాసనలు తెలుస్తున్నాయని ఎవరైనా అంటే చాలామందికి నవ్వొస్తుంది. ద్రాక్షరసంలో కొబ్బరేంటి? ఆ నవ్వుకి కొంత ఆధారం కూడా ఉంది. 2001లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రచురించిన ఓ ప్రయోగంలో 54 మందికి వైట్ వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. అప్పట్నుంచీ రుచి గురించి మాట్లాడేవాళ్ల నోరు మూయించడానికి ఇదో బ్రహ్మాస్త్రం అయిపోయింది.

ఆ అస్త్రం అంత దూరం వెళ్తుందని నాకనిపించదు. కన్ను ముక్కుని దారి తప్పించగలదని తేలింది, అంతే. స్పెయిన్‌లోని రియోహా వైన్నే తీసుకోండి. అక్కడ 225 లీటర్ల ఓక్ పీపాల్లో, ఎక్కువగా అమెరికన్ ఓక్‌లో, వైన్‌ని నిలవుంచడం పాత అలవాటు. ఆ చెక్కలో ఉండే లాక్టోన్లదే కొబ్బరి వాసన. పీపా లోపలివైపు నిప్పు సెగ చూపిస్తే చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ వస్తుంది. లవంగం వాసనకి కారణం యూజెనాల్, మన పోపుల డబ్బాలోని లవంగంలో ఉన్నదే. కాబట్టి 'కొబ్బరి' అన్నవాడు కవిత్వం చెప్పట్లేదు, ఉన్నదే చెప్తున్నాడు.

1757లో డేవిడ్ హ్యూమ్ రుచి మీద రాసిన వ్యాసంలో డాన్ కిహోటే నుంచి తెచ్చుకున్న కథ ఒకటుంది. సాంచో బంధువులిద్దరు ఓ పీపా వైన్ రుచి చూస్తారు. బావుంది గానీ కాస్త తోలు రుచి తగుల్తోందని ఒకడు, ఇనుము తగుల్తోందని ఇంకొకడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుతాడు కట్టిన తాళంచెవి దొరుకుతుంది. సునిశితమైన నాలుక అనేది నిజంగానే ఉందనడానికి హ్యూమ్‌కి ఇది చాలు.

నన్ను ఆపేసేది ఆ తాళంచెవే. అది పొరపాటున పడింది. ఓక్‌ని మాత్రం మనమే, కావాలని పడేస్తున్నాం. పోనీ, అలాగే వేసేటట్టయితే పీపా ఎందుకు? స్టీలు ట్యాంకులో చెక్కముక్కలు వేసినా దాదాపు అవే వాసనలొస్తాయి, తక్కువ ఖర్చుతో, తక్కువ రోజుల్లో. యూరోపియన్ యూనియన్ 2006లో దీనికి అనుమతిచ్చింది. అలాంటి వైన్‌ని పీపాలో ఊరిందని లేబుల్ మీద రాయకూడదు. ముక్కలు వేశామని చెప్పాల్సిన పని మాత్రం లేదు.

ఔట్‌పుట్ ఒకటే అయితే లోపల ఏ కోడుందో యూజర్‌కెందుకు అని మా ఆఫీసులో రోజూ వినే వాదనే ఇది. నేనూ అంటుంటాను. కానీ రియోహాలో గ్రాన్ రెసెర్వా రెడ్ కనీసం అయిదేళ్లు ఆగాలి, అందులో రెండేళ్లు పీపాలోనే. అన్నాళ్లూ చెక్క సందుల్లోంచి సన్నగా గాలి తగిలి వైన్ మెత్తబడుతుంది. ముక్కలు వాసననివ్వగలవు గానీ ఆ గాలినివ్వలేవు. గాలిని కూడా గొట్టంతో కొలిచి పంపే పద్ధతి ఉంది లెండి. అప్పుడు నా నాలుక తేడా పట్టలేకపోవచ్చు. అయినా ముక్కలు వేశారని లేబుల్ మీద రాసి ఉండాలనే అంటాను, కింద చిన్న అక్షరాల్లోనైనా సరే. రుచి మారుతుందని కాదు, వెనీలా వాసన తగలగానే నేను ఎవరి ఓపికని మెచ్చుకుంటున్నానో తెలియాలని.