కలవడం వేరు, కలిసిపోవడం వేరు

ఏజెన్సీలో పెరుగుతున్న పట్టణాల పక్కన ఉన్న గూడేలన్నిటి ముందూ ఇవాళ ఒకే ప్రశ్న నిలబడి ఉంది. గ్రామ పంచాయతీగానే ఉండాలా, పక్కనున్న మున్సిపాలిటీలో విలీనం కావాలా? ఈ ప్రశ్నను చాలామంది రోడ్ల ప్రశ్నగా, మురుగు కాలువల ప్రశ్నగా, నిధుల ప్రశ్నగా చూస్తున్నారు. ఆ లెక్కలు చిన్నవని నేను అనను. వానాకాలం మోకాలి లోతు బురదలో బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి నడిచే తల్లికి రోడ్డు చిన్న విషయం కాదు. అయితే ఆ లెక్కలన్నిటి కింద ఇంకో ప్రశ్న ఉంది. ఒక ఊరు ఊరుగా ఉండాలా వద్దా అని చెప్పే హక్కు ఎవరిది? ఇది నిధులతో తేలేది కాదు. న్యాయం ఏమిటి అన్నదానితో తేలాలి.

మన కళ్లముందున్న ఊళ్లనే చూద్దాం. భద్రాచలం సుమారు 50 వేల మంది ఉండే పట్టణం. లాడ్జీలు, ఆసుపత్రులు, అంతస్తుల మీద అంతస్తులు లేచిన భవనాలు అన్నీ ఉన్నాయి. అయినా అది షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి గ్రామ పంచాయతీగా ఉంటూ వచ్చింది. దాన్ని మున్సిపాలిటీ చేయాలని ఒకరు, పంచాయతీగానే ఉంచాలని ఒకరు ఏళ్ల తరబడి కొట్లాడుతుండగా, 2022లో దాన్ని మూడు పంచాయతీలుగా విడగొడుతూ ఉత్తర్వు వచ్చింది. పాల్వంచ, మణుగూరు, మందమర్రి సంగతి ఇంకో రకం. అవి మున్సిపాలిటీలు అయ్యాయి. కానీ 2020 జనవరిలో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు ఈ మూడు చోట్లా జరగలేదు. పన్నులు కట్టించుకోవడానికి మున్సిపాలిటీ ఉండేది, అడగడానికి ఎన్నుకున్న మనిషి ఉండేవాడు కాదు. 2025లో కొత్తగూడెం, పాల్వంచ మున్సిపాలిటీలను, సుజాతనగర్ మండలంలోని కొన్ని పంచాయతీలను కలిపి ఒక కార్పొరేషన్ చేశారు. పట్టణం పెరిగే కొద్దీ దాని హద్దు మన గడప దాకా వస్తుంది. రేపు ఏ గూడెం వంతో చెప్పలేం.

ఈ గందరగోళానికి మూలం చట్టంలోనే ఉంది. రాజ్యాంగంలో పంచాయతీల భాగం, మున్సిపాలిటీల భాగం రెండూ షెడ్యూల్డ్ ప్రాంతాలకు నేరుగా వర్తించవు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి, తగిన మార్పులతో అక్కడికి తీసుకుపోవాలి. పంచాయతీల విషయంలో ఆ పని జరిగింది. 1996 డిసెంబరులో పెసా చట్టం వచ్చింది. మున్సిపాలిటీల కోసం అలాంటి బిల్లును 2001లో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు. అంటే ఏజెన్సీ పల్లెకు రక్షణ చట్టం ఉంది, ఏజెన్సీ పట్టణానికి లేదు. పల్లెను పట్టణంలో కలపడమంటే, గొడుగు ఉన్న చోటు నుంచి గొడుగు లేని చోటికి మనిషిని నడిపించడమే. అవతల రోడ్డు బాగుండవచ్చు. వాన పడితే ఏమిటన్నది ఆలోచించాలి.

విలీనం కావాలనే వాళ్ల మాట ముందు వినాలి. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. "పక్క వీధిలో కొళాయి ఉంది, మాకు బోరింగే దిక్కు. వాళ్ల చెత్త బండి వచ్చి ఎత్తుకుపోతుంది, మా చెత్త మా వాగులోనే. ఎంతకాలం ఇట్లా?" అని డిగ్రీ చదివిన పిల్ల అడిగితే మన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. గూడెం అంటే వెనకబాటు అని, ఆదివాసీ అంటే అడవిలోనే ఉండాలని బయటివాళ్లు అనుకుంటారు. మనమూ అదే మాట వేరే తీరులో అంటే ఎట్లా? పట్టణంలో బతకడం ఆదివాసీకి తప్పు కాదు. వీధి దీపం వెలిగితే సంస్కృతి ఆరిపోదు.

మరి పోయేదేమిటి? మొదట పోయేది గ్రామసభ. పెసా కింద గ్రామసభ అంటే పేరుకు మాత్రమే సమావేశం కాదు. భూమి సేకరించే ముందు దాన్ని సంప్రదించాలి. అన్యాక్రాంతమైన గిరిజన భూమిని తిరిగి ఇప్పించడం, సారా మీద అదుపు, చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, ఊరి సంత నిర్వహణ, వడ్డీ వ్యాపారం మీద నిఘా, ఇవన్నీ గ్రామసభ, పంచాయతీల చేతిలో ఉండాలని ఆ చట్టం చెప్పింది. అటవీ హక్కుల చట్టం 2006లోనూ హక్కు ఎవరిదో తేల్చే పని మొదలయ్యేది గ్రామసభలోనే. మున్సిపాలిటీలో అలాంటి సభ లేదు. అక్కడ పాలకవర్గం కూర్చుంటుంది, కమిషనర్ సంతకం పెడతాడు. ముసలమ్మ లేచి నిలబడి "ఆ చెట్టు మా వేల్పుది, కొట్టొద్దు" అని చెప్పే చోటు లేదు.

రెండోది సర్పంచి పదవి. షెడ్యూల్డ్ ప్రాంత పంచాయతీల్లో సర్పంచి గిరిజనులే కావాలి, వార్డుల్లో కనీసం సగం గిరిజనులకే ఉండాలి. మామూలు మున్సిపల్ పద్ధతిలో రిజర్వేషన్ జనాభా దామాషాను బట్టి. బయటి నుంచి వచ్చినవాళ్లు ఎంత పెరిగితే మన వంతు అంత తగ్గుతుంది. మూడోది కూలి. 2005 చట్టంతో వచ్చిన ఉపాధి పని గ్రామాలకే. ఊరు పట్టణం అయిన రోజు ఆ పని ఆగుతుంది. మట్టి పని మీద ఎండాకాలం గడుపుకునే ఇంటికి ఇంటి పన్ను నోటీసు మాత్రం వస్తుంది.

ఇక్కడ ఒక భయాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. "మున్సిపాలిటీ అయితే 1/70 పోతుంది" అని మన సభల్లో తరచూ అంటారు. అది పోదు. 1959లో వచ్చి, 1963లో తెలంగాణ ఏజెన్సీకి విస్తరించి, 1970లో గట్టిపడిన ఆ భూబదలాయింపు నిబంధన షెడ్యూల్డ్ ప్రాంతానికి సంబంధించింది. అక్కడ ఏ రకమైన స్థానిక సంస్థ ఉందన్నదానితో దానికి పని లేదు. షెడ్యూల్డ్ ప్రాంతం హద్దు మార్చాలంటే రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి. కాబట్టి చట్టం నిలుస్తుంది. పోయేది దాన్ని కాపలా కాసే మనిషి. పంచాయతీగా ఉన్న భద్రాచలంలోనే ఇన్ని అంతస్తులు లేచాయంటే, కాపలా మనిషి ఉండగానే చేను ఇంత మేశారన్నమాట. ఆ మనిషినీ తీసేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఎదురు ప్రశ్న వస్తుంది. "మీరు చెప్పే గ్రామసభ ఎక్కడ జరుగుతోంది? రిజిస్టరు ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించుకుంటున్నారు. సర్పంచి గిరిజనుడే కానీ నడిపేది కాంట్రాక్టరు. లేనిదాన్ని కాపాడుకోమంటారా?" ఈ మాటలో నిజం ఉంది. చాలా ఊళ్లలో పెసా కాగితం మీదే ఉంది. అయినా వాడని హక్కుకూ లేని హక్కుకూ తేడా ఉంది. తుప్పు పట్టిన గొడ్డలిని సాన పట్టుకోవచ్చు. అమ్మేసిన గొడ్డలిని సాన పట్టలేం. గ్రామసభ సరిగ్గా జరగకపోతే కోర్టుకు పోవచ్చు, కలెక్టరును నిలదీయవచ్చు, మన ఊరి పిల్లలే కూడి మళ్లీ జరపవచ్చు. చట్టంలోనే గ్రామసభ లేని చోట ఏమని నిలదీస్తాం?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. విలీనం గురించి ఎవరిని అడగాలి? "అందరినీ అడుగుదాం, ఎక్కువమంది ఏమంటే అది" అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. గూడెంలో 300 ఓట్లు, పక్క పట్టణంలో 30 వేల ఓట్లు అనుకుందాం. రెండింటినీ కలిపి అడిగితే గూడెం మొత్తం ఒక్క గొంతుతో వద్దన్నా ఆ మాట లెక్కలోకి రాదు. అక్కడ అడిగేది గూడేన్ని కాదు, పట్టణాన్ని. కలిపి లెక్కపెట్టడమంటే, కలవాలా వద్దా అని తేలకముందే కలిపేసినట్టే. పెళ్లికి ఒప్పుకున్నావా అని పిల్లను అడగకుండా, పిల్లాడి తరఫు వాళ్ల చేతులు కూడా కలిపి లెక్కపెడితే దాన్ని ఒప్పుదల అంటారా? ఎక్కువమంది మాట చెల్లాలంటే, ముందు ఆ "మంది" ఎవరన్నది తేలాలి. గూడెం గురించి తేల్చేటప్పుడు ఆ మంది గూడెమే.

మన పెద్దల పంచాయితీలో చేతులు లెక్కపెట్టే పద్ధతి లేదు. చెట్టు కింద కూర్చుంటే, ఒప్పుకోని ఒక్క మనిషి కోసం పొద్దు వాలే దాకా మాట్లాడేవాళ్లు. అది ఆలస్యం అవుతుందని చదువుకున్నవాళ్లు నవ్వవచ్చు. కానీ ఆ పద్ధతిలో ఒక నీతి ఉంది. ఎవరి బతుకు మారుతుందో వాళ్ల మాటకు బరువు ఎక్కువ.

ఇంకో పక్క నుంచి కూడా న్యాయం అడుగుతారు. మూడు తరాలుగా ఏజెన్సీ పట్టణంలో క్షవరం చేసి, బట్టలుతికి, రిక్షా తొక్కి బతికిన గిరిజనేతర పేదలు ఉన్నారు. "మేం ఎన్నటికీ సర్పంచి కాలేం, మా ఇంటికి మా పేరున పట్టా రాదు" అంటారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. వాళ్ల పేరు చెప్పుకుని భవనాలు కట్టే పెద్దల సంగతి వేరు. పేదవాడికి ఇల్లు, నీళ్లు, బడి అందాలి. అవి ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. కానీ ఒకరి లోటు తీర్చడానికి ఇంకొకరికున్న ఒకే ఒక్క రక్షణ గోడను పడగొట్టడం పరిష్కారం కాదు. ఈ దేశంలో ఆ పేదవాడు సర్పంచో, ఛైర్మనో కాగల ఊళ్లు వేలల్లో ఉన్నాయి. ఆదివాసీ తన భాషలో సభ నడిపి, తన భూమి గురించి తాను తీర్మానం రాసుకోగల చోటు మాత్రం కొంచెమే మిగిలింది.

చివరి ప్రశ్న ఇంకా కష్టమైనది. గూడెం మొత్తం నిజంగానే ఒప్పుకుంటే? అప్పుడు విలీనం న్యాయమేనా? ఒప్పుదల ఉంటే బయటివాళ్లు ఎవరూ అడ్డం చెప్పకూడదు. "వాళ్లకు మంచి తెలియదు" అని మన తరఫున నిర్ణయాలు చేసేవాళ్లను మనం చాలామందిని చూశాం. మన సంఘాలు కూడా ఆ పని చేయకూడదు. కానీ గూడెం తనను తాను అడగాల్సింది ఒకటి ఉంది. కొత్త పంట చేతికొచ్చినా కొత్తల పండుగ చేయకుండా మనం ముద్ద ముట్టం. ఆ గింజ మన ఒక్కరి కష్టం కాదని, పెద్దలదీ భూమిదీ కూడా అని దాని అర్థం. గ్రామసభ కూడా అలాంటిదే. దాన్ని ఈ తరం సంపాదించలేదు. ఎందరో జైళ్లకు పోయి, ప్రాణాలు పోగొట్టుకుని సంపాదించి పెట్టారు. అనుభవించే హక్కు మనకు ఉంది. ఇంకా పుట్టని పిల్లల వంతు కూడా తినేసే హక్కు ఉందా? రోడ్డు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది వేయించుకోవచ్చు. ఒకసారి ఊరుగా లేకుండా పోయాక మళ్లీ ఊరు కావడం ఎంత కష్టమో, ఒక పంచాయతీ కోసం దశాబ్దాలు అడిగిన తండాలకు తెలుసు. 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యే దాకా వాళ్లు "మా తండాలో మా రాజ్యం" అని అడుగుతూనే ఉన్నారు. మనవాళ్లు "మావ నాటే మావ రాజ్" అన్నదీ అందుకే.

విలీనం వద్దంటే సౌకర్యాలు వద్దన్నట్టు కాదు. కరెంటు తీగ ఊరి హద్దు అడిగి రాలేదు. మిషన్ భగీరథ పైపు పట్టణానికీ పల్లెకూ ఒకే గోదావరి నీళ్లు తెస్తోంది, అందుకోసం ఏ పల్లెనూ పట్టణంలో కలపలేదు. చెత్త బండి, అగ్నిమాపక బండి, మురుగు శుద్ధి కూడా పట్టణం, పంచాయతీ ఒప్పందం చేసుకుని పంచుకోవచ్చు. మేడారం చూడండి. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. అందరూ ఒకే గద్దెల దగ్గర కలుస్తారు. జాతర అయ్యాక ఎవరి ఊరికి వాళ్లు పోతారు. కలిశారు కదా అని ఎవరి గుడినీ ఎవరూ ఎత్తివేయలేదు. కలవడం వేరు, కలిసిపోవడం వేరు.

అందుకని మన షరతులు స్పష్టంగా ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంత పట్టణాలకు పెసా లాంటి చట్టం వచ్చే దాకా ఏ గూడేన్నీ మున్సిపాలిటీలో కలపకూడదు. ఆ చట్టంలో వాడకు ఒక సభ, ఆ సభకు భూమి మీద, సంత మీద, సారా మీద అధికారం ఉండాలి. పట్టణం అధ్యక్ష పదవి గిరిజనులకే ఉండాలి. ఆ తర్వాత కూడా ప్రతి గూడెం గ్రామసభనూ విడివిడిగా అడగాలి, మన భాషలో చెప్పి అడగాలి, వద్దంటే ఆగాలి.

ఇవి రాసిచ్చే దాకా మనం చేయాల్సిన పని ఒకటుంది. వచ్చే గ్రామసభకు పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు అందరూ పోవాలి. విలీనం మీద మన మాట ఏమిటో తీర్మానం పుస్తకంలో మన చేత్తో రాయాలి, తేదీ వేయాలి, ఒక నకలు ఇంట్లో పెట్టుకోవాలి. అధికారి వచ్చి "మీ ఊరు అభ్యంతరం చెప్పలేదు కదా" అన్న రోజున చూపించడానికి ఆ కాగితం మన చేతిలో ఉండాలి.