దాచిన మన్నా, దాచిన వెండి

అంగడిలో చెల్లుటకు గాక దాచుకొనుటకే ముద్రించిన వెండి నాణెములను కొని పెట్టెలో భద్రపరచుట విశ్వాసికి తగునా అని అడుగువారు మన సంఘములలో నున్నారు. తగదని ఒక్క మాటతో తేల్చివేయుట సులభమే. అయితే నల్లగొండ, పాలమూరు సీమలలో వెండిని దాచుకొనుట నిన్న మొన్న వచ్చినది కాదు.

నిజాము కాలమున మనకు హాలీ సిక్కా చెల్లుచుండెను. చార్మినారు బొమ్మ గల ఆ వెండి రూపాయలు ఏడు, బ్రిటిషు రూపాయలు ఆరింటికి ఇంచుమించు సమానము. 1948 తరువాత క్రమముగా దాని చెలామణి పోయినది గాని, అది ఇండ్లలోనుండి పోలేదు. లంబాడీ తల్లులు వెండి రూపాయలను హారముగా గ్రుచ్చి ధరించిరి. తక్కినవారు సందుగు అడుగున గుడ్డలో మూటగట్టిరి. వాన రాని యేడు ఆ మూట షావుకారు కొట్టునకు పోయెడిది. దీనిని లోభమనుటకు మాకు నోరు రాదు. బ్యాంకు లేని ఊరిలో పేదవాని బ్యాంకు అదే.

ఇప్పటి నాణెముల సంగతి వేరు. నందమూరి తారక రామారావు గారి శతజయంతికి హైదరాబాదు టంకశాలలో నూరు రూపాయల నాణెము ముద్రింపబడగా, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు దానిని విడుదల చేసిరి. బరువు 35 గ్రాములు, అందులో వెండి సగమే. అమ్మిన వెల నాలుగు వేలకు పైమాట. చట్టము చొప్పున దాని విలువ నూరు రూపాయలే. కంసాలి త్రాసులో పదిహేడున్నర గ్రాముల వెండి. మిగిలిన సొమ్మంతయు జ్ఞాపకమునకిచ్చిన వెల. అప్పు చేసి కొనువారు ఈ లెక్క ముందే చూచుకొనవలెను.

1970లో మన ప్రభుత్వము పదిహేను గ్రాముల పది రూపాయల వెండి నాణెము ముద్రించెను. దానిమీద అందరికి అన్నమను మాట చెక్కబడినది. ఉద్దేశము మంచిదే. కాని పాలమూరు కూలీలు పిల్లలను చంకనెత్తుకొని ఆనకట్టల పనికి వలసపోయిన కాలమది. వారిలో ఎందరు ఆ నాణెమును కంట చూచియుందురు?

నిర్గమకాండము పదునారవ అధ్యాయము తెరచి చూడుడి. తెల్లవారువరకు ఉంచుకొనవద్దని మోషే చెప్పినను కొందరు మన్నాను దాచిరి. అది పురుగుపట్టి కంపుకొట్టెను. ఆరవ దినమున రెండంతలు కూర్చి మరునాటికి ఉంచుకొన్నది చెడలేదు. మరియు ఒక ఓమెరు మన్నాను తరతరములవారు చూచుటకై పాత్రలో ఉంచుడని దేవుడే ఆజ్ఞాపించెను. మన్నా ఒకటే. మన అవ్వల మూట ఆరవ దినపు మన్నా వంటిది. జ్ఞాపకార్థమైన నాణెము పాత్రలోని ఓమెరు వంటిది కావచ్చును. అయితే ఆ పాత్ర ఒక్కటే, యెహోవా సన్నిధిని ఉండెను, గుడారమునకొకటి కాదు. వెల పెరుగునని ఒకదానిమీద ఒకటి కొని, చేయి తగిలిన మాయునని కన్నబిడ్డలకును చూపనివాడు ఏ మన్నాను దాచుచున్నాడు? కూతురి నర్సు చదువునకు రుసుము కట్టు గడువు దాటిపోవుచుండగా బీరువాలో వెండి మెరయుచున్నయెడల, ఆ ఇంట జ్ఞాపకము ఎవరిదని అడుగుట న్యాయమే.

తప్పిన వెండి నాణెము దొరికినప్పుడు ఆ స్త్రీ (లూకా 15) ఇరుగుపొరుగు వారిని పిలిచెను. ఆమె పెట్టె మూసికొని కూర్చుండలేదు.

దేవరకొండలోనో నాగర్‌కర్నూలులోనో ఏ పెద్దాయన యొద్దనైనను హాలీ సిక్కా యున్నయెడల, ఒక ఆదివారము సండేస్కూలునకు తెచ్చి పిల్లల చేతికియ్యవచ్చును. దానితో నాడు ఎన్ని శేర్ల జొన్నలు వచ్చెనో, ఎవరి కాలుసేతుల కష్టమునకు అది కూలిగా వచ్చెనో చెప్పవచ్చును. పిల్లలు దానిని రాతిమీద మ్రోగించి చూతురు, చూడనియ్యుడి.