ఎక్కడ్నుంచి వస్తున్నావ్?

రాత్రి పదిన్నరకి హైటెక్ సిటీలో దోస్త్ దావత్ ముగించుకుని మెట్రో ఎక్కాం. డబ్బా నిండా మెడలో కార్డులేసుకున్న పిల్లలు. కొందరు డ్యూటీ దిగి, కొందరు సినిమా చూసి, కొందరు ఊరికే తిరిగి వస్తున్నారు. ఎవర్నీ ఎవరూ ఏమీ అడగరు. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పట్నుంచి అమెరికా పగటికి మన రాత్రిని జోడించి బతుకుతున్న ప్రాంతమది. అక్కడ రాత్రి తిరగడం తప్పు కాదు. అది ఉద్యోగం, లేదంటే సరదా.

అమీర్‌పేటలో బండి మారి ఎం.జి.బి.ఎస్.లో దిగాం. అక్కడితో మెట్రో మాకు ఖతం. ఫలక్‌నుమా దాకా పోవాల్సిన లైను 2020 ఫిబ్రవరిలో ఎం.జి.బి.ఎస్. దాకా వచ్చి ఆగిపోయింది. 2024 మార్చిలో పాతబస్తీ మెట్రోకి పునాదిరాయి వేశారు. రాయి వచ్చింది, రైలింకా రాలేదు. ఫోన్లో కారు పిలిస్తే, 'ఈ టైంలో అటు రాను భాయ్' అన్నాడు డ్రైవరు. చివరికి అఫ్జల్‌గంజ్‌లో షేర్ ఆటో దొరికింది. మేం ముగ్గురం, ఇంకో కుర్రాడు. హైటెక్ సిటీలో ఓ హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగి వస్తున్నాడట.

నయాపూల్ దాటి కొంచెం దూరం పోయామో లేదో చెకింగ్.

'కాఁసే ఆరే?'

మా చేతులు వాటంతటవే ప్రెస్ కార్డుల మీదికి పోయాయి. కార్డు చూడగానే 'నువ్వు' కాస్తా 'మీరు' అయింది. మా పేర్లు మారలేదు, గడ్డాలు మారలేదు. చిన్నప్పుడు అమ్మీ మెడలో కట్టిన తావీజ్ ఇప్పుడు ప్లాస్టిక్ కార్డయింది, అంతే. కుర్రాడి దగ్గర కార్డు లేదు. వాణ్ణి దింపారు. మమ్మల్ని పొమ్మన్నారు.

మేం దిగలేదు. సిగ్గుపడ్డాం, కానీ దిగలేదు.

రాత్రికి సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి? మాదాపూర్‌లో ఒంటిగంటకి చాయ్ తాగేవాడు పౌరుడు. మా గల్లీలో అరుగు మీద కూర్చున్నవాడు అనుమానితుడు. పదేళ్ల కిందట పాతబస్తీలో 'మిషన్ చబుత్రా' అంటూ అరుగుల మీది కుర్రాళ్లని రాత్రుళ్లు పోలీస్ స్టేషన్లకి తీసుకెళ్లి కౌన్సెలింగ్ చేశారు. బాగైందని మా పెద్దల్లోనూ కొందరు మెచ్చుకున్నారు. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంటికి ఆ అరుగే హాలని వాళ్లకి మాత్రం తెలీదా? తెలుసు. కానీ భయం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక ఎందరో మా పిల్లల్ని ఎత్తుకుపోయి హింసించారు. తర్వాత కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. అప్పట్నుంచి మా అమ్మీలకి కొడుకు ఇల్లు చేరేదాకా నిద్ర లేదు.

ఇంతా చెప్పి మా ఇంటి మాట దాచుకోకూడదు. కొడుకు ఒంటిగంటకొస్తే సాలన్ వేడిచేసి పెట్టే ఇంట్లోనే, కూతురు ఆఫీసు నుంచి పదింటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతాం, 'కాఁసే ఆరీ?' అని. 2023 డిసెంబర్లో సర్కారు ఆడవాళ్లకి బస్సు టికెట్ ఎత్తేసింది. మేం మా చెకింగ్ ఎత్తెయ్యలేదు. రోడ్డు మీద మాకు అవమానమనిపించిన ప్రశ్న ఇంట్లో మా నోట ఇజ్జత్ ఎలా అవుతుంది?

నేరం జరిగితే విచారించొద్దని మేం అనడం లేదు. ఇంటికి పోవడమే నేరమెట్లా అవుతుందని అడుగుతున్నాం. కార్డు చూపిస్తేనే దక్కేది హక్కు కాదు, ఇనాం. ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాడు. ఆ రాత్రి మేం కాపాడుకున్నది మా హక్కు కాదు, మా ఇనాం. హక్కే అయితే అది ఆ కుర్రాడికీ ఉండాలి.

ఆ కుర్రాడు ఇంటికి ఎప్పుడు చేరాడో మాకు తెలీదు. ఇంకోసారి ఆటో ఆగితే, కార్డు జేబులో పెట్టుకుని మేమూ దిగాలి.