ఒక్క మాటకు ఆగిన చెరువు

ఒక ఊరి చెరువు పూడిపోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు ఎస్టిమేటు తయారుచేశాడు. పని పెద్దదేం కాదు: కారుతున్న తూము షట్టరు బాగుచేయాలి, పూడిక తీయాలి. 'రిపేర్', 'రిస్టోర్' అని రాస్తే మరీ చప్పగా ఉంటుందనిపించి, చెరువు సామర్థ్యాన్ని 'ఎన్‌హాన్స్' చేస్తామని ఘనంగా రాసి పంపాడు.

పై ఆఫీసు ఆ మాటను ఉన్నదున్నట్టు చదివింది. ఉన్నదానికన్నా ఎక్కువ నీళ్లు నిలపాలంటే మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే కట్టడం) లేపుతున్నారనే అర్థం. మత్తడి ఒక్క అడుగు లేచినా ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు నీటిమట్టం) పెరుగుతుంది, నీళ్లు వెనక్కి తన్ని పక్కనున్న పట్టా పొలాలు మునుగుతాయి. 'ఎన్ని ఎకరాలు మునుగుతాయి? రైతుల సమ్మతి పత్రాలేవి?' అని కొర్రీ పెట్టి ఫైలు వెనక్కి పంపారు. ఉత్తరాలు నడుస్తుండగానే మృగశిర వచ్చింది. వానలు పట్టుకున్నాయి. చెరువులో జేసీబీ దిగే వీల్లేకపోయింది.

తూము కాడ నీళ్లు వదిలే నీరటి ఇంజనీరును అడిగాడు: "మట్టి తీసుడుకు గింత ఆలస్యమెందుకైంది సారూ?"

"మత్తడి లేపుతున్నామనుకున్నారు తాతా."

"అదెట్ల? పూడిక తీస్తే పాత లోతే మళ్ల వస్తది. కొత్తగ పెరిగేదేముంది?"

"మరి చెరువు కింది చౌడు మడికి జిప్సం వేశారుగా, అదైనా మంచి నేలయినట్టేగా?"

"చౌడు జర తగ్గింది. మంచి నేలయిందని ఎవరన్నరు?"

నీతి: మాట రాసేముందు ఆ వస్తువు ఏ స్థితిలో ఉందో చూడాలి. పోయింది తిరిగి వస్తే రిస్టోర్. చెడు తగ్గితే అమీలియరేట్. చౌడుకూ పేదరికానికీ నప్పుతుంది, బాగా పండే పొలానికి నప్పదు. ఎన్‌హాన్స్ లాటిన్‌లో 'ఎత్తైన' అనే మాట నుంచి పుట్టింది, ఇప్పటికే బాగున్నదాన్ని ఇంకా పైకి తేవడానికే వాడాలి. (మన రెజ్యూమేల్లో స్కిల్స్ ఎన్‌హాన్స్ చేసుకోనివాడు కనబడడు. ముందు స్కిల్ ఉండాలి కదా!) పాతది తీసి మేలురకం పెడితే అప్‌గ్రేడ్. ఇంప్రూవ్ మాత్రం చెడ్డదానికీ మంచిదానికీ సరిపోతుంది. అలాగని అది అమాయకపు మాటేమీ కాదు. భూమి నుంచి లాభం తీయడమనే అర్థంతో మొదలైంది. ఇంగ్లండ్‌లో భూస్వాములు ఊరుమ్మడి భూములకు కంచె వేసుకుని దాన్నే ఇంప్రూవ్‌మెంట్ అన్నారు. అయినా ఎస్టిమేటు రాసేటప్పుడు అనుమానం వస్తే ఇంప్రూవ్ అనే రాసుకోవచ్చు. ఘనంగా కనిపించదు గానీ, మత్తడి లేపుతున్నారా అని ఎవరూ అడగరు.