అప్పుల్లో మునిగినవాడు ఎవరితో నిజం చెప్పుకోవాలి?

జుమా రోజున మస్జిదు నిండా జనం ఉంటారు. భుజం భుజం కలిపి వరుసల్లో నిలబడతారు. ఆ వరుసల్లో ఎంతమంది ఈ నెల వడ్డీ ఎలా కట్టాలా అని కుమిలిపోతూ నిలబడ్డారో పక్కవాడికి తెలియదు. ఒకరిది కూతురు పెళ్ళికి తెచ్చిన అప్పు. మరొకరిది ఆసుపత్రి బిల్లు. ఇంకొకరిది గల్ఫ్ వీసా కోసం ఏజెంటు చేతిలో పోసిన డబ్బు. నమాజు ముగిశాక ఒకరి క్షేమం ఒకరు అడుగుతారు. అందరూ అల్‌హమ్దులిల్లాహ్ అంటారు. ఎవరి బరువు వారి గుండెల్లోనే ఉండిపోతుంది.

ఈ వ్యాసంలో మేము చర్చించదలచిన ప్రశ్న ఒక్కటే. తీర్చలేనంత అప్పు మీద పడినప్పుడు దాన్ని దాచుకోవడం పరువు నిలుపుకోవడమా? లేక నమ్మకమైన తోటి ముస్లిములతో చెప్పుకోవడం ధర్మమా? వడ్డీ హరాం అన్న విషయంలో చర్చ లేదు. అవసరం లేని ఆడంబరాలకు అప్పు చేయకూడదన్న విషయంలోనూ చర్చ లేదు. కాని ఇప్పటికే ఊబిలో దిగిపోయినవానికి ఆ మాటలు మాత్రమే చెప్పి ఊరుకుంటే, మునిగిపోతున్నవానికి ఒడ్డున నిలబడి ఈత నేర్చుకోలేదేమని అడిగినట్లు ఉంటుంది.

అప్పు ముందుగా దోచుకునేది నిజాన్ని

దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజులో పాపం నుంచీ, అప్పు నుంచీ అల్లాహ్ శరణు వేడుకునేవారు. అప్పు గురించి ఇంత తరచుగా శరణు కోరుతున్నారేమని ఒకరు అడిగారు. అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడనీ, మాట ఇస్తే తప్పుతాడనీ ఆయన (స) సమాధానమిచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండు సంకలనాల్లోనూ ఉంది.

ఈ సమాధానాన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. అప్పువల్ల ఆకలి వస్తుందని కాని, ఆస్తి పోతుందని కాని ఆయన (స) చెప్పలేదు. నిజం పోతుందని చెప్పారు. అప్పిచ్చినవాడు తలుపు తడితే, "అబ్బా ఇంట్లో లేరని చెప్పు" అని పసివాడికి నేర్పుతాం. చేతిలో పైసా లేకపోయినా వచ్చే వారం తప్పకుండా ఇస్తానని మాట ఇస్తాం. భార్యకు సగమే చెబుతాం, అన్నదమ్ములకు అదీ చెప్పం. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అప్పు చేస్తాం. నూటికి ఐదు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెస్తే నెలకు 5,000, ఏడాదికి 60,000 వడ్డీకే పోతుంది, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. అది తెలిసి కూడా తెస్తాం. ఎందుకంటే ఆ క్షణంలో మనకు కావలసింది డబ్బు కాదు, బయటపడకుండా ఉండటం.

కాబట్టి మా అభిప్రాయంలో, అప్పుల్లో ఉన్నవానికి డబ్బుకన్నా ముందు కావలసింది ఒక మనిషి. తన ముందు అబద్ధమాడవలసిన అవసరం లేని మనిషి.

ఆ జనాజా నేర్పే రెండో పాఠం

ఒక జనాజా తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) మృతునికి అప్పు ఉందా అని అడిగారు. ఉందన్నారు. ఉల్లేఖనాలను బట్టి అది రెండు లేక మూడు దీనార్లు. తీర్చడానికి అతను ఏమీ వదిలిపోలేదని తెలిసి, మీ సహచరుని నమాజు మీరే చేయండన్నారు. ఈ సంఘటనను మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. అమరగతుని పాపాలన్నీ క్షమించబడినా అప్పు మాత్రం మిగిలే ఉంటుందన్న హదీసునూ వింటాం. అప్పు ఎంత తీవ్రమైన విషయమో అవి చెబుతాయి. అది నిజమే.

కాని ఆ జనాజా కథ అక్కడితో ముగియలేదు. వరుసలో ఉన్న హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు తన బాధ్యత అన్నారు. అప్పుడు దైవప్రవక్త (స) నమాజు చేయించారు. ముస్నద్ అహ్మద్‌లోని ఉల్లేఖనం ప్రకారం మర్నాడు ఆ దీనార్ల సంగతి ఏమైందని ఆయనను అడిగారు. తీర్చేశానని చెప్పేవరకూ అడగడం మానలేదు. తరువాత విజయాలు లభించి స్తోమత కలిగినప్పుడు, అప్పుతో చనిపోయిన విశ్వాసి బాకీ తీర్చే బాధ్యత దైవప్రవక్త (స) తన మీదే వేసుకున్నారు.

ఈ సంఘటనలో మనం సగమే చూస్తున్నాం. అప్పు ఉందా అన్న ప్రశ్న జనం మధ్యలో అడగబడింది. జవాబు జనంలోనుంచే వచ్చింది. ప్రశ్న అడగకపోతే అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చేవారా? ఆ మనిషి బ్రతికి ఉండగానే తన బాధ నలుగురికి తెలిసి ఉంటే, ఆ రెండు మూడు దీనార్లు అప్పుడే తీరి ఉండేవేమో కదా!

అప్పు దాచవలసిన వస్తువా?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు. అది అప్పు గురించినది. వ్రాసుకోమనీ, న్యాయంగా వ్రాసేవాణ్ణి పిలవమనీ, సాక్షులను పెట్టమనీ, చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగుపడవద్దనీ అందులో ఆదేశముంది. అప్పు అన్నది కాగితం మీద, సాక్షుల ఎదుట ఉండవలసిన విషయమని దీనివల్ల తెలుస్తోంది. చీకట్లో పుట్టి చీకట్లో పెరిగే అప్పు ఈ ఆదేశానికే విరుద్ధం.

అప్పు ఉండటమే అవమానమని కూడా అనుకోకూడదు. దైవప్రవక్త (స) మరణించే నాటికి ఆయన కవచం కొద్దిపాటి బార్లీ గింజల కోసం ఒక యూదుని దగ్గర తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నమాజు వేళ కాని సమయంలో మస్జిదులో దిగాలుగా కూర్చున్న హజ్రత్ అబూ ఉమామా (రజి)ని చూసి ఆయన (స) కారణం అడిగారని అబూ దావూద్ సంకలనంలో ఉంది. దిగుళ్ళూ అప్పులూ చుట్టుముట్టాయని ఆ సహాబీ దాచకుండా చెప్పారు. ఆయనకు లభించింది మందలింపు కాదు, ఒక దుఆ. ఆ దుఆలో అప్పుల బరువు నుంచి శరణు కోరడానికి ముందే దుఃఖం, అశక్తత, సోమరితనం, పిరికితనం నుంచి శరణు కోరడం ఉంది. అప్పుతో పాటు మనిషిలో ఏమేమి కూలిపోతాయో ఆ దుఆలోనే ఉంది.

ఈ కాలంలో దాచుకోవడం ఎంత ప్రమాదమో లోన్ యాప్‌లు చూపించాయి. 2020లో ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లు ఫోన్‌లోని బంధుమిత్రుల నంబర్లు తీసుకుని, మీవాడు దొంగ అంటూ వారికి సందేశాలు పంపేవి. 2022లో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రుణాలకు నిబంధనలు జారీ చేసి, ఇలా ఫోన్‌లోని నంబర్ల జాబితా జోలికి పోకూడదన్నది. చట్టం ఒక పక్క ఉండనివ్వండి. ఆ వేధింపుకు బలం ఎక్కడిది? బయటపడుతుందన్న భయం నుంచే కదా! ఇంట్లోవారికీ, ఇద్దరు మిత్రులకూ ముందే నిజం చెప్పుకున్నవాని మీద ఆ ఆయుధం సగం మొద్దుబారిపోతుంది.

తోడు వేరు, కాపలా వేరు

సాటి అప్పులవాడు మనకేమి చేయగలడని కొందరు అడుగుతారు. వాడే మునిగి ఉన్నాడు కదా అంటారు. కాని వాడు ఇవ్వగలిగినది ధనవంతుడు ఇవ్వలేడు. తలుపు చప్పుడైతే గుండె ఎలా కొట్టుకుంటుందో వాడికి తెలుసు. ఏ అప్పు ముందు తీర్చాలో, ఎవరితో ఎలా మాట్లాడితే గడువు దొరుకుతుందో అనుభవంతో తెలుసు. ధర్మసమ్మతమైన మంచి మాట కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) నేర్పారు. జేబు ఖాళీగా ఉన్నవాడు కూడా చేయగల సదఖా ఇది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. నలుగురు కలిసినంత మాత్రాన మేలు జరగదు. మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థలు మహిళలను గుంపులుగా చేర్చి, ఒకరి కిస్తీకి మిగతావారిని బాధ్యులను చేశాయి. ఒకరు కట్టలేకపోతే ఇరుగుపొరుగు ఆడవాళ్ళే ఆమె గడపలో కూర్చుని నిలదీయవలసి వచ్చింది. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అక్కడా సాటివారే ఉన్నారు. కాని వారిని కాపలాదారులుగా మార్చారు. అబూ ఖతాదా (రజి) తనంతట తాను ముందుకు వచ్చారు. ఈ స్త్రీలను బలవంతంగా నిలబెట్టారు. మనకు కావలసింది మొదటి రకం తోడు.

మూడు సందేహాలు

మొదటిది: లోపాలను కప్పిపుచ్చమని ధర్మం చెబుతుంది కదా, మరి చెప్పుకోవడం ఎలా సరైనది? తన పాపాన్ని చాటుకోవడం నిషిద్ధమే. కాని అప్పు దానంతట అదే పాపం కాదు. పైగా మేము అంటున్నది వీధిలో చాటమని కాదు. ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులతో చెప్పుకోమని. ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయన్న భయం మన ఇళ్ళలో నిజంగా ఉంది. అందుకే విన్నవారి మీద బరువైన బాధ్యత ఉంది. విన్నమాట అమానత్. దాన్ని మరో చోట నోరు జారినవాడు నమ్మక ద్రోహి.

రెండోది: ఒకరినొకరు ఓదార్చుకుంటూ కూర్చుంటే, అప్పు ఎగ్గొట్టినా ఫరవాలేదన్న ధోరణి రాదా? రావచ్చు. దానికి ఒక గీటురాయి ఉంది. ఆ మాటల తరువాత మనిషి అప్పిచ్చినవాని గుమ్మం వైపు నడుస్తున్నాడా, ఆ వీధి తప్పించుకు తిరుగుతున్నాడా? మొదటిదైతే అది నసీహత్, రెండోదైతే పాపంలో సహకారం. తీర్చే ఉద్దేశంతో తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీరుస్తాడనీ, ఎగవేసే ఉద్దేశంతో తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడనీ బుఖారీ హదీసులో ఉంది. స్తోమత ఉండి కూడా వాయిదా వేయడం దౌర్జన్యమన్నదీ హదీసే.

మూడోది: మన ప్రాంతంలో 'ఐ.పి. పెట్టడం' అందరికీ తెలిసిన మాట. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టుకు వెళితే బాధ్యత తీరిపోయినట్లేనా? ఒక సహాబీ పండ్ల వ్యాపారంలో నష్టపోయి అప్పులపాలైతే, అతనికి సదఖా ఇవ్వమని దైవప్రవక్త (స) ప్రజలను కోరారు. అదీ చాలకపోతే, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని రుణదాతలతో అన్నారు. ఇది ముస్లిం సంకలనంలో ఉంది. కాబట్టి నిజంగా చితికిపోయినవానికి న్యాయస్థానం ద్వారా ఊరట పొందే దారి ఉంది. కాని మిగిలిన బాకీ, రుణదాత మాఫీ చేస్తే తప్ప, స్తోమత కలిగినప్పుడు తీర్చవలసిందేనన్నది ఎక్కువమంది ఫుఖహాల అభిప్రాయం. ఇల్లు భార్య పేర, పొలం బావమరిది పేర వ్రాసి ఐ.పి. పెట్టినవాడు కోర్టును నమ్మించవచ్చు. ప్రళయదినాన నమ్మించలేడు.

ఏం చేయాలి?

ముందుగా ఒక పుస్తకం తీసుకుని అప్పులన్నీ వ్రాయండి. ఎవరికి, ఎంత, అసలు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నవన్నీ ఉండాలి. ఒక్కటి కూడా వదలవద్దు. ఆ పుస్తకం భార్యాభర్తలిద్దరూ చూడాలి. తరువాత అదే బాధలో ఉన్న ఇద్దరు ముగ్గురు కలవండి. వారానికొకసారి ఇషా తరువాత అరగంట చాలు. స్త్రీలు తమలో తాము వేరుగా కలుసుకోవచ్చు. ఆ అరగంటలో ఒక్కొక్కరూ మూడు మాటలు చెప్పాలి: ఈ వారం ఎంత తీర్చాను, ఎవరితో మాట్లాడాను, ఎక్కడ అబద్ధమాడాను.

ఒకరికొకరు హామీ సంతకాలు పెట్టవద్దు. ఇద్దరూ కలిసి మునుగుతారు. అప్పు తీర్చడానికి కొత్తగా వడ్డీ అప్పు చేయవద్దని ఒకరినొకరు ఆపుకోండి. వడ్డీ అప్పుల విషయంలో అసలు ఎలా తీర్చాలో, రాజీ ఎలా కుదుర్చుకోవాలో తెలిసిన ముఫ్తీని అడగండి. అప్పిచ్చినవాని దగ్గరకు ఒంటరిగా వెళ్ళలేనివానితో ఒకరు తోడుగా వెళ్ళండి. మస్జిదులో బాకీ గురించి గొంతులు పెంచిన ఇద్దరు సహాబాల మధ్య దైవప్రవక్త (స) సగం మాఫీ చేయించి, మిగతాది వెంటనే తీర్చమని రెండోవానికి ఆదేశించారు. మాఫీ, చెల్లింపు రెండూ ఒకే చోట జరిగాయి. మధ్యవర్తి చేయవలసింది ఇదే. వివాదం ముదిరితే లోక్ అదాలత్‌లో ఖర్చు లేకుండా రాజీ కుదుర్చుకునే వీలుంది.

చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే దాన్ని మాటవరసకు అన్నదిగా తీసుకోవద్దు. వారిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లోవారికి చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించండి. ప్రాణం అల్లాహ్ అమానత్. చావుతో అప్పు తీరదు, అది పిల్లల గుమ్మంలో నిలబడుతుంది.

మస్జిదు కమిటీల పెద్దలకూ ఒక మనవి. జకాత్ పంచవలసిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒకరని తౌబా సూరా 60వ ఆయతు చెబుతోంది. రమజాన్‌లో చేయి చాచినవారికి ఇస్తున్నాం. చేయి చాచలేక వరుసలో నిలబడ్డవానిని వెతుకుతున్నామా? ఇక అప్పు ఇచ్చినవారికి అల్ బఖరా సూరా 280వ ఆయతు ఉంది. ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వడం ఆదేశం, మాఫీ చేయడం అంతకన్నా మేలు.

పరువు అంటే అప్పు లేనట్లు కనబడటం కాదు. ఉన్న అప్పును ఒప్పుకుని, తీర్చే దారిలో ఒక్కో అడుగు వేయడం. ఆ నడకలో పక్కన నడిచేవాడు కూడా అప్పులవాడే అయినా ఫరవాలేదు.

అల్లాహ్ మనలో అప్పుల బరువు మోస్తున్నవారికి హలాల్ ఉపాధి ద్వారా విముక్తి ప్రసాదించుగాక! అప్పిచ్చినవారి హృదయాలలో దయను, విన్నవారి పెదవులపై అమానత్‌ను నిలుపుగాక! ఆమీన్.